కాగితం కోత: కనపడని గాయానికి ఇంత గోల ఎందుకు?

కత్తిపీట మీద వంకాయలు తరుగుతూ వేలు తెగితే ఇంటిల్లిపాదీ పరిగెత్తుకొస్తారు. అదే వేలికి కొత్త శుభలేఖ అంచు గీసుకుని "అబ్బా!" అని కేకపెడితే, వచ్చినవాళ్ళు "ఏదీ, ఎక్కడ?" అంటారు. వేలిని వెలుతురు వైపు తిప్పి, చర్మాన్ని కొంచెం విడదీసి చూపించాలి. అప్పుడు వెంట్రుకంత గీత ఒకటి కనిపిస్తుంది, రక్తం చుక్క కూడా ఉండదు. ఆ తర్వాత అందరూ నవ్వుతారు. దెబ్బ తగిలినవాడు కూడా నవ్వుతాడు, కాకపోతే వేలు దులుపుకుంటూ.

ఆ నవ్వూ ఆ నొప్పీ ఒక్క చోటే పుడుతున్నాయి. గాయం చూస్తే గోరంత, బాధ చూస్తే కొండంత. ఈ పొంతన ఎక్కడ తప్పిందో తెలిస్తే వైద్యం ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో కూడా తేలిపోతుంది.

మెత్తటి కాగితానికి పదును ఎక్కడిది?

మామూలు 75 జీఎస్ఎం (చదరపు మీటరుకి 75 గ్రాములు) ఏ4 కాగితం మందం మిల్లీమీటరులో పదో వంతు. దాన్ని నిలువుగా పట్టుకుని వేలికేసి తిన్నగా నొక్కండి. వంగిపోతుంది తప్ప కొయ్యదు. కొయ్యాలంటే రెండు జరగాలి: కాగితం వంగకుండా నిలబడాలి, అంచు చర్మం మీద జారాలి. టమాటా మీద కత్తి అదిమితే చితుకుతుంది, లాగితే తెగుతుంది కదా, ఇదీ అంతే.

వంగకుండా నిలబడటమన్నదాంట్లోనే అసలు కిటుకు ఉంది. కాగితం మందం సగమైతే దాని బిగువు సగం కాదు, ఎనిమిదో వంతుకి పడిపోతుంది. అందుకే టిష్యూ పేపరు ఎవరినీ కొయ్యదు. మరోవైపు అట్టముక్క బాగా బిగువుగానే ఉంటుంది కానీ దాని అంచు వెడల్పు, ఒత్తిడి ఎక్కువ చోటుకి పంచుకుపోతుంది. ఈ రెంటికీ మధ్య ఎక్కడో ప్రమాదకరమైన మందం ఒకటి ఉండాలి. 2024లో డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం భౌతిక శాస్త్రవేత్తలు దాన్ని కొలిచారు. తుపాకి గుళ్ళ పరీక్షలకు వాడే జిలాటిన్ దిమ్మని చర్మం బదులు పెట్టి, రకరకాల కాగితాలతో రకరకాల కోణాల్లో కోసి చూశారు. తేలిన లెక్క సుమారు 65 మైక్రాన్లు, అంటే మన ఏ4 కాగితం మందంలో మూడింట రెండు వంతులు. పత్రికల కాగితం, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు కాగితం సరిగ్గా ఆ చుట్టుపక్కలే ఉంటాయి. ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో కిర్రుకిర్రుమంటూ బిల్లులు కక్కే ఆ పాత యంత్రం ముందు కూర్చునే గుమస్తాలకి ఈ సంగతి డెన్మార్క్ వాళ్ళు చెప్పక్కర్లేదు.

అంతటితో ఊరుకోకుండా ఆ బృందం ఒక పిడి తయారుచేసి, దానికి చిత్తుకాగితం బిగించి కత్తిలా వాడింది. దానికి పేపర్‌మషెటీ అని పేరు పెట్టారు. దోసకాయ, కాప్సికం, యాపిల్, ఆఖరికి కోడిమాంసం కూడా తెగాయి. వేలు తెగడంలో ఆశ్చర్యమేముంది?

ఇక్కడ ఒక అనుమానం రావాలి. 65 మైక్రాన్లే ప్రమాదకరమైతే జిరాక్స్ షాపుల్లో, ఆఫీసుల్లో కోసేది ఎక్కువగా ఏ4 కాగితమే ఎందుకు? ఒకటి, మన చేతిలో ఎక్కువగా మెదిలేది అదే. రెండోది రీము మహిమ. ఐదువందల కాగితాల కట్టలోంచి ఒక్కటి రెండు మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొచ్చిందనుకోండి. కిందా పైనా ఉన్న కాగితాలు దాన్ని పట్టకారులా బిగించి ఉంచుతాయి. బయట ఉన్న పొడవు సగానికి తగ్గితే, దాన్ని వంచడానికి నాలుగు రెట్ల బలం కావాలి. విడి కాగితం వంగి తప్పుకుంటుంది, కట్టలోది తప్పుకోదు. కట్ట సర్దడానికి అంచు వెంట బొటనవేలు జారుస్తాం చూడండి, బిగువూ జారుడూ రెండూ మనమే సమకూర్చినట్టు.

గాలిలో తేమ సంగతి కూడా చెప్పుకోవాలి. వానాకాలం కాగితం మెత్తబడి అంచు చచ్చిపోతుంది. ఏసీ గదిలో కాగితం ఎండి బిరుసెక్కుతుంది, చర్మమూ అలాగే ఎండి సాగే గుణం పోగొట్టుకుంటుంది. ఎండిన చర్మం, ఎండిన కాగితం, అప్పుడే విప్పిన రీము: మూడూ కలిసిన చోటే కోతలు ఎక్కువ. చేతులు మారి నలిగిన కరెన్సీ నోటు కొయ్యడం అరుదు. అది నూలు గుజ్జుతో చేసినది, అంచు పీచుగా ఉంటుంది.

కోసింది గోరంత, అరిచింది కొండంత

రెండు పెన్సిళ్ళు బాగా చెక్కి, వాటి మొనలు మూడు మిల్లీమీటర్ల ఎడంగా పట్టుకుని, కళ్ళు మూసుకున్న మనిషి వేలి కొసన తాకించండి. "రెండు" అంటాడు. అదే ఎడంతో వీపు మీద తాకిస్తే "ఒకటే" అంటాడు. వీపు మీద రెండని తెలియాలంటే ఎడం దాదాపు నాలుగు సెంటీమీటర్లు ఉండాలి. వేలి కొసన ఒక్క చదరపు సెంటీమీటరులో స్పర్శ తెలిపే నాడీ తంతువులే సుమారు 240 ఉంటాయి. నొప్పిని మోసే నాడుల కొసలు వీటికి అదనం. మెదడులో కూడా వేళ్ళకీ పెదవులకీ నాలుకకీ కేటాయించిన జాగా, వీపు మొత్తానికి ఇచ్చిన దానికంటే చాలా ఎక్కువ. 1930లలో మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ మెదడు శస్త్రచికిత్సలు చేస్తూ ఆ పటం గీశాడు. ఆ లెక్కన బొమ్మ వేస్తే మనిషి బక్కపలచగా, చేతులు చేటలంత, పెదవులు ఉబ్బిపోయి వస్తాయి. కాగితం సరిగ్గా ఆ చేటల్లాంటి చేతుల్నే వెతుక్కుంటుంది.

అంత సున్నితమైన చోట లోతుగా తెగి ఉంటే ఒకరకంగా నయమే. కాగితం తెచ్చే చిక్కల్లా సగం కోత. పైనున్న చచ్చిన చర్మపు పొరని దాటి, బతికున్న కణాల పొరలోకి దిగుతుంది. నొప్పి నాడుల కొసలు అక్కడిదాకా వచ్చి ఉంటాయి. రక్తనాళాలు అంతకంటే కొంచెం లోపల ఉంటాయి. కాబట్టి నాడి తెగుతుంది, రక్తం సరిగ్గా రాదు. కత్తి కోతలో రక్తం వస్తుంది, గడ్డకడుతుంది, ఆ గడ్డే గాయానికి మూత అవుతుంది. కాగితం కోతకి ఆ మూత లేదు. వేలు వంచినప్పుడల్లా చీలిక నోరు తెరుస్తుంది, తెగిన నాడుల కొసలకి గాలీ నీళ్ళూ సబ్బూ ఉప్పూ తగులుతూనే ఉంటాయి.

దానికి తోడు కాగితం అంచు కత్తి అంచులాంటిది కాదు. సూక్ష్మదర్శినిలో చూస్తే పీచులు లేచిన రంపంలా ఉంటుంది. కణాలను నీటుగా విడదీయదు, చించుతుంది. కాగితం నునుపు కోసం కలిపే సుద్దపొడి, గంజి రేణువులు కొన్ని అక్కడే దిగబడొచ్చు. మిల్లులో బ్లీచింగ్‌కి వాడిన రసాయనాల వల్లే మంట అని చాలామంది నమ్మకం. ఆ నమ్మకానికి గట్టి ఆధారం లేదు. పైన చెప్పినవే ఆ మంటకి బాగా సరిపోతాయి.

పుండు మీద కారం

సామెతలో ఉన్న శాస్త్రం ఇది. నొప్పి నాడుల కొసల్లో వేడిని కనిపెట్టే ద్వారం ఒకటుంది, పేరు టీఆర్‌పీవీ1. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటితే తెరుచుకుని "కాలుతోంది" అని మెదడుకి కబురు పంపుతుంది. మిరపలోని క్యాప్సైసిన్ ఆ ద్వారానికి దొంగతాళం. వేడి లేకపోయినా తెరిచేస్తుంది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టిన ఈ సంగతికి 2021లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది.

ఇప్పుడు ఆవకాయ కలిపే చెయ్యి తలుచుకోండి. కారం ఒక ద్వారం తెరుస్తుంది. ఆవపిండి ఘాటుకి పక్కనే ఇంకో ద్వారం ఉంది, టీఆర్‌పీఏ1. మామిడి పులుపుకి ఆమ్లాన్ని పసిగట్టే ద్వారాలు వేరే. ఉప్పు చీలిక చుట్టూ నీటిని లాగేస్తుంది. ఒక జాడీలో ఇన్ని రకాల దాడి! ఉదయం తగిలిన కాగితం కోత ఊసే మర్చిపోయిన మనిషికి ముక్కలు కలుపుతుండగా అది చప్పున గుర్తొస్తుంది.

అలా జరిగితే అందరూ చేసే తప్పు, వెంటనే వేడినీళ్ళతో కడగడం. కారంతో ఇప్పటికే సగం తెరుచుకున్న ద్వారాన్ని వేడి పూర్తిగా తెరుస్తుంది. ఉత్త చన్నీళ్ళు కూడా అంతగా పనిచెయ్యవు, క్యాప్సైసిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి ముందు చెంచాడు వంటనూనె వేళ్ళకి రాసి అర నిమిషం రుద్ది, కాగితపు రుమాలుతో తుడిచి, తర్వాత గిన్నెలు తోమే సబ్బుతో చన్నీటి కింద కడగాలి. మంట తగ్గకపోతే ఇంకోసారి.

స్పిరిట్, శానిటైజరు మండేదీ ఇదే ద్వారం వల్ల. ఆల్కహాలు తగిలితే అది తెరుచుకునే మెట్టు సుమారు 34 డిగ్రీలకి దిగిపోతుంది. మన ఒంటి వేడి 37. అంటే మన వేడే మనల్ని కాలుస్తున్నట్టు మెదడుకి తోస్తుంది. "మండిందంటే పనిచేస్తోందన్నమాట" అని పెద్దవాళ్ళు పిల్లలకి చెప్పే మాట నిజం కాదు. మంటకీ క్రిములు చావడానికీ సంబంధం లేదు.

నవ్వెందుకు?

సినిమాలో హీరో ఒంట్లో నాలుగు బుల్లెట్లు దిగినా డైలాగు పూర్తి చేస్తాడు. ఆడిట్ సెక్షన్లో ఫైలు అంచు తగిలిన పెద్దగుమస్తా మాత్రం చేస్తున్న కూడిక మర్చిపోయి మళ్ళీ మొదటికొస్తాడు. హాస్యం మీద పరిశోధన చేసే పీటర్ మెక్‌గ్రా, కేలెబ్ వారెన్ 2010లో ఒక సూత్రం చెప్పారు: ఏదో అపచారం జరగాలి, కానీ దాని వల్ల హాని లేదని అదే క్షణంలో తెలియాలి, అప్పుడు నవ్వొస్తుంది. కాగితం కోత ఆ సూత్రానికి కొలిచి కుట్టినట్టుంటుంది. నొప్పి నిజం, ప్రమాదం లేదు. పైగా దాడి చేసింది కత్తో కోడెనాగో కాదు, సెలవు చీటీ.

అరుపు విషయంలో తెలుగువాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. పెద్ద దెబ్బకి "అమ్మా", చురుక్కుమన్న దానికి "అబ్బా". అబ్బ అంటే తండ్రే. అమ్మానాన్నలిద్దర్నీ ఇలా వంతులేసుకుని పిలుస్తాం. నొప్పి ఇంకా ముదిరితే అదే అబ్బ తిట్టులోకి మారతాడు. దానికీ ప్రయోజనం ఉందట: ఇంగ్లండులోని కీల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్టీఫెన్స్ 2009లో మనుషుల చేతులు ఐసునీళ్ళలో పెట్టించి చూస్తే, బూతుమాట అంటూ కూర్చున్నవాళ్ళు మామూలు మాట అన్నవాళ్ళకంటే ఎక్కువసేపు ఓర్చుకున్నారు. ఆఫీసులో వాడుకునే ముందు పక్కన ఎవరున్నారో చూసుకోవడం మంచిది.

వేలు దులపడం, పక్క వేలితో నొక్కి పట్టడం ఉత్త అలవాటు కాదు. 1965లో నొప్పి మీద పరిశోధన చేసిన మెల్జాక్, వాల్ చెప్పిన ద్వార సిద్ధాంతం ప్రకారం స్పర్శ కబుర్లు వెన్నుపాములో నొప్పి కబుర్లకి అడ్డం పడతాయి. ఇరుకు గుమ్మంలో ఇద్దరు ఒకేసారి దూరబోయినట్టు. ఇక వేలు నోట్లో పెట్టుకోవడం. ఉమ్మిలో గాయం మానడానికి తోడ్పడే పదార్థాలు ఉన్నమాట నిజమే. కానీ నోటినిండా బ్యాక్టీరియా కూడా ఉన్నాయి, అవి నోట్లో ఉన్నంతసేపే మర్యాదగా ఉంటాయి. కుళాయి అందుబాటులో ఉంటే నోరు అక్కర్లేదు.

వైద్యం: లేని మూతని పెట్టడం

మొత్తం వైద్యం ఈ ఒక్కమాటలో ఉంది. గాయం తనంతట తాను మూత తయారుచేసుకోలేకపోయింది, మనం పెట్టాలి.

ముందు కుళాయి ధార కింద ఒకటి రెండు నిమిషాలు చన్నీటితో కడగండి. సబ్బు చుట్టుపక్కల చర్మానికి చాలు, చీలికలోకి రుద్దక్కర్లేదు. చీలికని కొంచెం విడదీసి నీళ్ళు లోపలికి పారనిస్తే పీచులూ పొడీ కొట్టుకుపోతాయి. రక్తం వస్తుంటే శుభ్రమైన గుడ్డతో రెండు మూడు నిమిషాలు వదలకుండా నొక్కండి. ఆగిందా లేదా అని పది సెకన్లకోసారి ఎత్తి చూస్తే ఆగదు. తర్వాత తుడవకుండా అద్ది, పూర్తిగా ఆరనివ్వండి. తడి మీద అంటించిన ప్లాస్టర్ అరగంటలో జారిపోతుంది.

ఆరాక బియ్యపుగింజంత పెట్రోలియం జెల్లీ చీలిక మీద పెట్టండి. అంతకంటే ఎక్కువైతే ప్లాస్టర్ అంటుకోదు. జెల్లీ ఎందుకు, యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ ఎందుకు కాదు? 1996లో అమెరికాలో తొమ్మిదివందల మందికి పైగా రోగుల చిన్న శస్త్రచికిత్స గాయాల మీద ఈ రెంటినీ పోల్చారు. ఇన్ఫెక్షన్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆయింట్‌మెంట్ వాడినవాళ్ళలో కొందరికి ఎలర్జీ వచ్చింది, జెల్లీతో ఎవరికీ రాలేదు. మన మందుల షాపుల్లో చిన్న గాయాలకి ఎక్కువగా ఇచ్చే ఫ్రామైసెటిన్, ఎలర్జీలకి పేరుమోసిన నియోమైసిన్ కుటుంబానిదే. ముందు దురద, ఎర్రదనం వచ్చిన అనుభవం ఉంటే దాని జోలికి వెళ్ళొద్దు.

"గాలి తగిలితే ఆరిపోతుంది" అన్నది ఇంకో మొండి నమ్మకం. 1962లో జార్జ్ వింటర్ పందుల చర్మం మీద చేసిన ప్రయోగంలో, పల్చటి పొరతో కప్పి తేమగా ఉంచిన గాయాలు గాలికి వదిలేసిన వాటికంటే సుమారు రెండింతలు త్వరగా కొత్త చర్మం కప్పుకున్నాయి. కొత్త కణాలు తడి నేల మీద పాకుతాయి, ఎండిన పొక్కు కిందనుంచి దారి తవ్వుకుంటూ పోవాలంటే ఆలస్యం. కప్పిన కాగితం కోత ఒకటి రెండు రోజుల్లో పైపొర అతుక్కుంటుంది.

ప్లాస్టర్ వెయ్యడంలో ఒక పనితనం ఉంది. వేలి మధ్యలో అయితే మామూలుగా చుట్టెయ్యొచ్చు. వేలి కొసన అయితే అది టోపీలా ఊడిపోతుంది. రెండు అంటుకునే చివర్లనీ మధ్యలో నిలువుగా, నడుమ ఉన్న గాజుగుడ్డ దాకా కత్తిరించండి. నాలుగు తోకలు వస్తాయి. ఆ గాజుగుడ్డని కోత మీద ఆనించి, కింది రెండు తోకలు వేలి చుట్టూ చుట్టి, పై రెండూ కొస మీదుగా ఒకదాన్నొకటి దాటేలా అంటించండి. గోరు నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలో మళ్ళీ ఎర్రబడాలి. లేదంటే బిగువెక్కువైంది. తడిసినా మురికైనా మార్చాలి, ఎలాగూ రోజుకోసారి. ఈ వస్తువు పుట్టిందే వంటింటి కోతల కోసం: 1920లో జాన్సన్ అండ్ జాన్సన్ ఉద్యోగి ఎర్ల్ డిక్సన్, తరచూ వేళ్ళు కోసుకునే భార్య జోసెఫీన్ ఎవరి సాయం లేకుండా తనే అంటించుకునేలా టేపు మీద గాజుగుడ్డ ముక్కలు అమర్చి పెట్టాడు.

చెయ్యకూడనివి, చెయ్యనక్కర్లేనివి

పసుపు గురించి మాట్లాడితే కొంతమందికి కోపం వస్తుంది. 1995లో గాయాలకి పసుపు వాడకం మీద అమెరికాలో ఒక వైద్య కేంద్రానికి పేటెంటు ఇస్తే, మన సీఎస్ఐఆర్ (కేంద్ర ప్రభుత్వ శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలి) సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. ఆ గెలుపు మన సంప్రదాయ జ్ఞానం పాతదని రుజువు చేసింది. వంటింటి డబ్బాలోని పసుపు శుభ్రమైనదని మాత్రం కాదు. తడి చెంచాలు మునిగిన పొడి అది, రంగు కోసం కల్తీ చేసిన సరుకైతే మరీ ప్రమాదం. పైగా పొడి చీలికలో ఇరుక్కుని అంచులు కలవనివ్వదు. కాఫీపొడికీ సున్నానికీ ఇదే మాట. డెటాల్ నీళ్ళు కలపకుండా పోస్తే, హైడ్రోజన్ పెరాక్సైడ్ పదేపదే వాడితే, క్రిములతోపాటు మానబోయే కణాలూ చస్తాయి.

కోతని ఫెవిక్విక్‌తో అతికించే చిట్కా పూర్తిగా పిచ్చిది కాదు, కానీ పూర్తిగా మంచిదీ కాదు. అందులో ఉండే సయనోఅక్రిలేట్ జిగురుని 1942లో కోడాక్ కంపెనీలో హ్యారీ కూవర్ బృందం తుపాకి గురిఅద్దాల పనిలో ఉండగా తయారుచేసింది. వియత్నాం యుద్ధంలో రక్తస్రావం ఆపడానికి దాన్ని చల్లారు. 1998లో అమెరికా చర్మం అతికించే వైద్య రకానికి అనుమతి ఇచ్చింది. ఆ రకం ఆక్టైల్, సాగుతుంది. బజారులో దొరికేది ఇథైల్, పెళుసుగా గట్టిపడి, గట్టిపడేటప్పుడు వేడి పుట్టిస్తుంది. అన్నిటికంటే ప్రమాదం, జిగురు కారిందని దూదితో తుడవడం. దూది మీద అది ఒక్కసారిగా గట్టిపడి, చర్మం కాలేంత వేడెక్కి పొగలు కక్కుతుంది. మందుల షాపులో దొరికే ద్రవరూప బ్యాండేజీ వాడుకోవచ్చు, అదీ కడిగి ఆరబెట్టాక, పైపైన మాత్రమే.

ఇక టీటీ ఇంజెక్షన్. మన ఊళ్ళలో ఎంత గీత పడినా మొదట గుర్తొచ్చేది ఇదే. ధనుర్వాతం క్రిమి మట్టిలో, పేడలో, గాలి చొరని లోతు గాయాల్లో బతుకుతుంది. రీములోంచి తీసిన కాగితం దాని చిరునామా కాదు. చిన్నప్పటి టీకాలు పూర్తయి ఉంటే, శుభ్రమైన చిన్న గాయానికి చివరి డోసు పదేళ్ళలోపు పడితే మళ్ళీ అక్కర్లేదు. పదహారేళ్ళప్పుడు టీకా వేయించుకున్న కుర్రాడు ఇరవయ్యో ఏట కాగితం కోతకి నర్సు ముందు చొక్కా చెయ్యి మడవక్కర్లేదు. మట్టి అంటిన పాత అట్టపెట్టె కోస్తే లెక్క వేరు, అక్కడ గడువు ఐదేళ్ళు.

హాని లేదన్నది ఖాయమైనంతసేపే నవ్వులు. గోరు పక్కన పడిన కోత రెండో రోజుకి ఎర్రబడి, వాచి, గుండె కొట్టుకున్నట్టు తపతపలాడుతుంటే అది గోరుచుట్టుకి దారి. అప్పుడే గోరువెచ్చని నీళ్ళలో రోజుకి మూడు నాలుగుసార్లు, పదేసి నిమిషాలు ముంచితే చాలామటుకు అణిగిపోతుంది. చీము కనిపిస్తే సూదితో పొడవకుండా డాక్టరుకి చూపించాలి. వేలి కొసన మెత్తటి భాగం రాయిలా గట్టిపడినా, వేలు చాపితే ప్రాణం పోయినంత నొప్పి వచ్చినా, చేతి పైకి ఎర్రటి చార పాకినా, జ్వరం తగిలినా ఆ రోజే వెళ్ళాలి, తెల్లారేదాకా ఆగకూడదు. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళు ఎర్రదనం మొదలైనప్పుడే చూపించుకోవడం మేలు. గోరుచుట్టు మీద రోకటిపోటు ఎలా ఉంటుందో సామెతగా తెలిస్తే చాలు.

కట్ట సర్దాలంటే అంచు వెంట వేలు జార్చకుండా, కట్టని నిలువుగా పట్టి బల్ల మీద రెండుసార్లు తట్టండి. జవాబు పత్రాలు దిద్దేవాళ్ళు, నోట్లు లెక్కపెట్టేవాళ్ళు వేలికి తొడుక్కునే రబ్బరు తొడుగు పట్టుకి మాత్రమే కాదు, కోతకీ అడ్డం. ఏసీలో కూర్చునేవాళ్ళు పూటకోసారి చేతులకి కొబ్బరినూనె చుక్క రాసుకుంటే చర్మం సాగుతుంది, కాకపోతే ఫైళ్ళ మీద మరకలు పడకుండా బాగా ఇంకనివ్వాలి. కవరు జిగురుని నాకకుండా తడి స్పాంజితో అద్దండి. నాలుక తెగితే ప్లాస్టర్ వెయ్యడానికి చోటుండదు. గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించడమే వైద్యం. నాలుక ఒకటి రెండు రోజుల్లో మానుతుంది. ఆ రెండు రోజులూ పెరుగన్నమే, ఆవకాయ బద్ద లేకుండా.